ఫ్రిజ్ ఆపకండి, ఆ డబ్బా కొనకండి

హన్మకొండలో మా చిన్నమ్మ మొన్న ఏప్రిల్‌లో పదిహేను రోజుల పాటు రోజూ రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ ఆపేసి, పొద్దున ఐదింటికి మళ్లీ వేసింది. ఆ ఫ్రిజ్‌లోనే మా చిన్నాయన వాడే ఇన్సులిన్ సీసాలున్నాయి. ఎందుకిట్ల చేస్తున్నవని అడిగితే ఫోన్ తీసి ఒక మెసేజ్ చూపించింది. "అందరూ చేస్తున్నరు గదా బిడ్డా, బిల్లు సగమైతదంట" అంది.

మీకూ వచ్చే ఉంటుంది ఆ మెసేజ్. కరెంటు బిల్లు సగమవుతుంది, పర్యావరణానికీ మేలు అని మొదలై ఆరు సంగతులు చెబుతుంది. ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ డబ్బాతో బిల్లు 40 శాతం తగ్గుతుందట. ఏసీ 16లో పెడితే గది త్వరగా చల్లబడి కరెంటు మిగులుతుందట. ఫ్రిజ్ రాత్రి ఆపాలట. ఖాళీ చార్జర్ ప్లగ్గులో ఉంటే ఫ్యాన్ అంత కరెంటు లాగుతుందట. ఫ్యాన్ ఎంత స్పీడులో తిప్పినా బిల్లు ఒకటేనట. చివరిది, ఇంటి మీద సోలార్ ప్రభుత్వం ఉచితంగా పెడుతుంది, ఇక జన్మలో బిల్లు రాదు అని.

నేను ఇళ్లల్లో వైరింగు పని చేస్తాను. ఈ ఆరింటి గురించి అడగని ఇల్లు లేదు కాబట్టి, ఒక్కొక్కటీ చెబుతాను.

ఫ్రిజ్ సంగతి ముందు. ఆరు గంటలు ఆపితే లోపల చల్లదనం మెల్లగా పోతుంది. పొద్దున వేయగానే పోయిన చల్లదనమంతా తిరిగి తేవడానికి కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. రాత్రి మిగిలిందనుకున్న దాంట్లో చాలావరకు పొద్దునే పోతుంది. అసలు ఫ్రిజ్ పెద్ద ఖర్చు కాదు. తలుపు మీది స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, ఒకసారి చూసి పన్నెండుతో భాగించండి. ఓ మాదిరి ఫ్రిజ్‌కి నెలకు ఇరవై యూనిట్ల చుట్టుపక్కల తేలుతుంది. దాంట్లో నాలుగైదు యూనిట్లు మిగిలినా ఇరవై ముప్పై రూపాయలు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అది చెడిందో లేదో కంటితో చూసి చెప్పలేం. డాక్టరు ఆ సీసాలు పారేసి కొత్తవి కొనమన్నారు. ఫ్రిజ్‌ని గోడకు జానెడు దూరం జరపండి, తలుపు రబ్బరు వదులైతే మార్పించండి, కానీ ఆపకండి.

ఇక డబ్బా. చిన్నమ్మ దాన్ని 1,200 పెట్టి కొంది. ఇలాంటివి నేను చాలానే విప్పి చూశాను. లోపల కరెంటును కాసేపు పట్టి వదిలే ఒక చిన్న కెపాసిటర్, వెలగడానికి ఒక ఎల్‌ఈడీ. కొన్నింట్లో ఎల్‌ఈడీ తప్ప ఏమీ లేదు. అమ్మేవాళ్లు తీగలో పారే కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పట్టి, డబ్బా పెట్టగానే ఆంపియర్లు తగ్గడం చూపిస్తారు. నిజంగానే తగ్గుతాయి. మోటార్లున్న సామాను పని చేయని కరెంటు కొంత లాగి వెనక్కి పంపుతుంటుంది, కెపాసిటర్ ఆ రాకపోకల్ని తగ్గిస్తుంది. అయితే ఇంటి మీటరు దాన్ని లెక్కలోకే తీసుకోదు. నురగ పక్కకు తీసి పాలు మాత్రమే కొలిచినట్టు, నిజంగా పని చేసిన కరెంటునే యూనిట్లుగా లెక్కిస్తుంది. లెక్కలో లేనిదాన్ని తగ్గిస్తే బిల్లెలా తగ్గుతుంది?

నా మాట నమ్మనక్కర్లేదు. మీ మీటరు మీద ఎర్ర లైటు మిణుకుతుంటుంది. పక్కనే ఎన్ని మిణుకులకు ఒక యూనిట్ అనేది రాసి ఉంటుంది, చిన్నమ్మ ఇంట్లో 3200. అన్నీ ఆపి మూడు ఫ్యాన్లు మాత్రం తిప్పి, ఐదు నిమిషాలు లెక్కపెట్టాం. 60 వచ్చాయి. డబ్బా పెట్టి మళ్లీ లెక్కపెట్టాం. 60. చిన్నమ్మ ఏమీ అనలేదు, డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. ఆమె పింఛను డబ్బులవి. ఇలాంటి సామాను ఊరూరా పెద్దవాళ్లకు అంటగడుతుంటే నాకు కోపం వస్తుంది.

ఏసీ 16లో పెడితే త్వరగా చల్లబడుతుందనేది చదువుకున్నవాళ్లు కూడా నమ్మే మాట. మామూలు ఏసీ కంప్రెసర్‌కి ఉన్నది ఒకటే వేగం. 16లో పెట్టినా 24లో పెట్టినా గది చల్లబడే వేగం అదే. రిమోట్‌లో మనం పెట్టే అంకె కంప్రెసర్ ఎప్పుడు ఆగాలో చెబుతుంది, అంతే. మన ఎండల్లో గది 16కి రాదు, కాబట్టి అది ఆగదు. వేగం మార్చుకోగల ఇన్వర్టర్ ఏసీ కూడా గది వేడిగా ఉన్నంతసేపు ఎలాగూ జోరుగానే నడుస్తుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని, స్టార్ లేబుళ్లు చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన పెట్టింది అందుకే. 26లో పెట్టి ఫ్యాన్ సన్నగా తిప్పుకోండి, హాయిగా నిద్ర పడుతుంది. పై అంతస్తు అయితే మార్చిలోనే డాబా మీద సున్నం కొట్టించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేది కూడా ఎండను వెనక్కి కొట్టే తెల్లటి కప్పు గురించే.

చార్జర్ భయం వదిలేయండి. ఖాళీ చార్జర్ రోజంతా ఉన్నా నెలకు పావు యూనిట్ కూడా కాదు. టీవీ కింద ఉండే సెట్‌టాప్ బాక్సు వేరు. రిమోట్‌తో ఆపినా చాలా బాక్సులు పది వాట్ల దాకా లాగుతూనే ఉంటాయి, అంటే నెలకు ఏడు యూనిట్లు. దాన్ని గోడ స్విచ్చి దగ్గర ఆపండి.

ఫ్యాన్ స్పీడు మాట ఒకప్పుడు కొంత నిజం. పెద్ద డబ్బాలాంటి పాత రెగ్యులేటర్లు మిగిల్చిన కరెంటును వేడి రూపంలో పోగొట్టేవి. ఇప్పుడున్న చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లతో స్పీడు తగ్గిస్తే కరెంటూ తగ్గుతుంది. అసలు లాభం మాత్రం ఫ్యాన్ మార్చడంలో ఉంది. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి.

ఇరవై యూనిట్లేగా అనుకోకండి. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఇంటి రేట్లలో 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటారా, మొదటి రెండు వందల యూనిట్లకూ 5.10 పడుతుంది, ఆపైన 300 దాకా 7.70. ఆ రేట్ల మీద 215 యూనిట్లకు కరెంటు ఖర్చే 1,135 రూపాయలు దాటుతుంది. 195 యూనిట్లకు 796. ఒక్క ఫ్యాన్ మార్చినందుకు నెలకు దాదాపు 340 తేడా. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇల్లయితే, 200 దాటిన నెల మొత్తం కట్టుకోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ చిక్కు లేదు, అక్కడ ఏ స్లాబు రేటు ఆ స్లాబులోని యూనిట్లకే పడుతుంది. అయినా 225 దాటాక 400 దాకా యూనిట్ 8.75 కాబట్టి పైనుంచి తగ్గే ప్రతి యూనిట్ విలువైనదే. నన్నడిగితే ముందు రాత్రంతా తిరిగే ఫ్యాన్ మార్చండి, పూజగదిలోది తర్వాత చూసుకోవచ్చు.

సోలార్ అందరికీ ఉచితం కాదు. కానీ ఆరింటిలో నిజంగా బిల్లు బాగా తగ్గించగలిగేది ఇదొక్కటే, అందుకే దీని మీద అబద్ధం చెప్పడం నాకు ఎక్కువ బాధ. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆ పైన ఎంతైనా 78,000 రాయితీ. మిగతాది మనదే. ముందు మనం పెట్టించుకోవాలి, మనం వాడుకున్న కరెంటునూ బయటికి పంపిన కరెంటునూ లెక్కించే నెట్ మీటరు బిగించి తనిఖీ అయ్యాక రాయితీ మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాబట్టి "రాయితీ మేమే తెప్పిస్తాం, అడ్వాన్సు ఇవ్వండి" అంటూ ఫోన్ చేసేవాళ్లకు పైసా ఇవ్వకండి. పథకం పోర్టల్‌లో నమోదైన సంస్థల జాబితా చూసి మాట్లాడండి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. బిల్లు బాగా తగ్గినా ప్రతి నెలా కట్టే స్థిర చార్జీలు ఉంటాయి.

అన్నింటికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. బ్యాటరీ లేని సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటు తగలకూడదని అలా తయారు చేస్తారు. ఎండ కాస్తుంటే ఫ్యాన్ ఎందుకు తిరగట్లేదని నాకు ఫోన్ చేసిన ఇళ్లు మూడు. కొనేముందు వాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.