సైతానుతో సంతకం యూదుల కథ కాదు

ఆత్మను అమ్ముకుని సైతానుతో ఒప్పందం రాసుకునే కథ యూదుల గ్రంథాల్లోంచే పుట్టిందని మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. యూదుల పవిత్ర గ్రంథమైన హీబ్రూ బైబిల్‌లో అలాంటి కథ ఒక్కటీ లేదు. అది తర్వాతి క్రైస్తవ లోకంలో, ముఖ్యంగా మధ్యయుగాల యూరప్‌లో పెరిగిన కథ.

దానికి దగ్గరగా కనిపించే మాట ఆ బైబిల్‌లోనే, యెషయా ప్రవక్త గ్రంథం 28వ అధ్యాయంలో ఉంది. "మరణంతో నిబంధన చేసుకున్నాం, పాతాళంతో ఒప్పందం కుదుర్చుకున్నాం, ఇక ఏ ఉపద్రవమూ మాదాకా రాదు" అని యెరూషలేము పాలకులు ధీమాగా ఉన్నారంటాడు ప్రవక్త. అప్పటి బలమైన సామ్రాజ్యం అష్షూరు (అస్సీరియా) సైన్యాల భయంతో ఈజిప్టు అండ వెతుక్కున్న రాజకీయమే ఇందులో ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. నాకూ అదే సబబనిపిస్తుంది. ఎందుకంటే ఆ వెంటనే వాళ్ల నోట "అబద్ధాలను ఆశ్రయం చేసుకున్నాం" అనే మాట కూడా పలికిస్తాడు. ఆయన కోపం ఏ దయ్యం మీదా కాదు, అధికారంలో కూర్చుని జనాన్ని మభ్యపెట్టినవాళ్ల మీద.

అదే బైబిల్‌లో, ఘోరమైన కష్టాలతో పరీక్షకు గురైన నీతిమంతుడు యోబు కథలోనూ అంతే. సాతాను దేవుడి కొలువులో నేరం మోపేవాడు. అనుమతి లేనిదే యోబు మీద చెయ్యి వేయలేడు. 42 అధ్యాయాల గ్రంథంలో రెండో అధ్యాయం దాటాక అతని ఊసే ఉండదు. యోబు వాదన అంతా దేవుడితోనే. "వెలుగునూ చీకటినీ, క్షేమాన్నీ కీడునూ కలిగించేది నేనే" అని యెషయా 45లో దేవుడే చెబుతాడు. ఆయనకు సమానంగా నిలిచి బేరాలాడే చెడ్డ దేవుడికి ఇక్కడ చోటు లేదు. అయితే దయ్యాలకు బలులిచ్చారన్న మందలింపు ఆ బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండంలో ఉంది. అక్కడా తప్పు మనుషులదే, తెంచుకున్నది దేవుడితో ఉన్న నిబంధననే.

యూదు గురువుల చర్చల సంకలనమైన తల్మూదులో రేష్ లాకిష్ అనే గురువు ఇంకో అడుగు ముందుకేశాడు. సాతాను, మనిషిలోని చెడు ప్రేరణ, మృత్యుదూత, ముగ్గురూ ఒకటే అన్నాడు. ఆ ప్రేరణే లేకపోతే ఎవడూ ఇల్లు కట్టడు, పెళ్లాడడు, పిల్లల్ని కనడు అని మిద్రాష్ (బైబిల్‌కు యూదు గురువుల వ్యాఖ్యానం) అంటుంది. చెడు గురించి ఇంత లోతుగా ఆలోచించిన సంప్రదాయాన్ని సైతాను కథల్లో కలిపేయడం నాకు బాధగా ఉంటుంది.

బాధతో పోయే విషయమూ కాదిది. యూదులు సైతాను మనుషులన్న ప్రచారం యూరప్‌లో శతాబ్దాలపాటు సాగింది. ప్లేగు రోజుల్లో బావుల్లో విషం కలిపారన్న నింద దానికి తోడైంది. 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గ్‌లో వందలమంది యూదులను సజీవంగా కాల్చేశారు.

మన గుళ్లలో కొలిచేవి దయ్యాలని ఎవరైనా అంటే ఇక్కడ మనకెంత నొప్పి కలుగుతుందో మనకు తెలుసు. మన పిల్లల తరగతుల్లో, సంఘం వేదికల మీద యూదుల గురించి ఆ పాత మాట ఎవరు తెచ్చినా అక్కడికక్కడే సరిదిద్దుదాం.