మంచు మీద నిష్కామ కర్మ

ఫలితం ఆశించకుండా పని చేయమని మన పెద్దలు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. మనం వింటేగా! ఒకటో తారీఖు జీతం పడకపోతే రెండో తారీఖు హెచ్‌ఆర్‌కి మెయిల్ కొడతాం. ఆ ఉపదేశాన్ని అక్షరాలా ఆచరించి చూపించినవాళ్లు ఎక్కడో కెనడాలో, అమెరికాలో ఉన్నారు. మహిళా ఐస్ హాకీ ప్రొఫెషనల్స్. ప్రొఫెషనల్స్ అంటున్నారు, మరి ఎంత ఇస్తారు అని అడక్కండి. అలాంటి ప్రశ్నల వల్లే ఒక పవిత్ర సంప్రదాయం మన కళ్లముందే మంట కలుస్తోంది. ఆ ఆవేదనతోనే ఇది రాస్తున్నాను.

స్వర్ణయుగం 2007లో మొదలైంది. ఆ ఏడాది పుట్టిన కెనడియన్ విమెన్స్ హాకీ లీగ్ పదేళ్ల పాటు ఎవరికీ జీతం ఇవ్వలేదు. ఒలింపిక్ బంగారు పతకం బీరువాలో పెట్టుకున్నవాళ్లు కూడా పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లి, డ్యూటీ దిగాక ప్రాక్టీసుకి వచ్చేవారు. శని, ఆదివారాలు మ్యాచ్‌లు. సోమవారం మళ్లీ ఆఫీసు. దారి తప్పుదామన్నా తీరిక లేని జీవితం! మగవాళ్ల పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఈ భాగ్యం ఎవరికి దక్కింది? పాపం, వచ్చిన డబ్బు ఎక్కడ దాచుకోవాలన్నదే వాళ్ల టెన్షన్.

అలాంటి లీగుకి 2017-18లో బుద్ధి చెడింది. కనిష్ఠంగా 2 వేలు, గరిష్ఠంగా 10 వేల డాలర్లు ఇస్తామంది. నెలకి అనుకునేరు, ఏడాదికి. సరిగ్గా రెండు సీజన్లు గడిచాయి. 2019 మార్చి 31న, కాల్గరీ జట్టు కప్పు గెలిచిన వారానికే, దుకాణం మూసేస్తున్నామని ప్రకటించింది. జీతం ఇచ్చారు, లీగు పోయింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? పొరుగున అమెరికాలో 2015లో మొదలైన మహిళల లీగు ఎన్‌డబ్ల్యూహెచ్‌ఎల్ కాస్త తెలివైనది. 10 వేల డాలర్ల కనీస జీతం అని గొప్పగా ప్రకటించినా, 2016 నవంబర్‌లో సీజన్ మధ్యలోనే తేరుకుని జీతాలు సగం దాకా కోసేసింది.

ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా నచ్చేది కెరీర్ గ్రాఫ్. మన దగ్గర కాలేజీలో హాస్టల్ సాంబారు, ఉద్యోగం వచ్చాక ఏసీ ఫ్లాటు. అక్కడ అంతా తిరగేసి ఉండేది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 2002లో మహిళా హాకీ కోసమే రిడర్ అరీనా కట్టింది. విస్కాన్సిన్ 2012లో లాబాన్ అరీనా కట్టింది. స్కాలర్‌షిప్, కోచ్‌లు, ఫిజియోలు అన్నీ అమరేవి. పట్టా చేతికొచ్చిన రోజు నుంచి అవన్నీ మాయం. చదువు పూర్తయితే సౌకర్యాలు తగ్గే వృత్తి ఇంకోటి ఉంటే చూపించండి. టొరంటోలోనో మినియాపొలిస్‌లోనో స్థిరపడి, పాప స్కేటింగ్ బాగా చేస్తోందని మురిసిపోతున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే ఇది గమనించాలి. "ప్యాకేజీ ఎంతట?" అని వాట్సాప్ కాల్‌లో అడగబోయే పెద్దనాన్నకి జవాబు ఇప్పుడే తయారుగా పెట్టుకోవాలి.

అసలు పతనం 2017 మార్చిలో కనిపించింది. అప్పటిదాకా అమెరికా హాకీ సమాఖ్య మహిళా జట్టుకి ఒలింపిక్స్ ముందు ఆరు నెలలు, నెలకి వెయ్యి డాలర్ల చొప్పున ఇచ్చేది. నాలుగేళ్లకోసారి ఆరు వేలు! పుష్కరాల కన్నా తరచుగానే కదా. అయినా తృప్తి లేదు. సొంతగడ్డ మీద ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలవడానికి రెండు వారాల ముందు, ఆడం పొమ్మన్నారు. సమాఖ్య వేరే అమ్మాయిలతో జట్టు కట్టాలని ఫోన్ల మీద ఫోన్లు చేసింది. కింది స్థాయి వాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు రామన్నారు. జాతీయ జెర్సీ వేసుకునే అవకాశం ఇంటికి వస్తే కాదన్నారంటే, స్వార్థం ఎంత లోతుకి పాకిందో చూడండి. చివరికి సమాఖ్యే దిగొచ్చింది. ఆ టోర్నీ ఫైనల్లో హిలరీ నైట్ కొట్టిన గోల్‌తో కెనడా మీద 3-2తో గెలిచారు, అదీ అదనపు సమయంలో. డబ్బు మనుషులు అలాగే చేస్తారు, ఓవర్‌టైమ్ అంటే ప్రాణం.

అంతమంది చెడినా నాకు ఆశ మిగిల్చిన ఘట్టం 2019 జనవరిలో శాన్‌హోసేలో జరిగింది. ఎన్‌హెచ్‌ఎల్ ఆల్‌స్టార్ పోటీల్లో పాసింగ్ ఎలా చేయాలో చూపించమని అమెరికా క్రీడాకారిణి బ్రియానా డెకర్‌ని పిలిచారు. చూపించింది. టీవీ ముందు గడియారాలు పట్టుకున్న అభిమానులు, గెలిచిన మగాడి కన్నా ఈవిడే ఫాస్ట్ అని లెక్క తేల్చారు. లీగు లెక్క వేరనుకోండి. గెలిచిన మగాడికి 25 వేల డాలర్లు. డెమో చూపించినవారికి ఏమిస్తారు? చప్పట్లు ఇచ్చారు, చాలదూ? చాలదని నెట్‌లో గోల గోల చేశారు. చివరికి సీసీఎం అనే స్టిక్కుల కంపెనీ ఆ 25 వేలు తానిస్తానని ముందుకొచ్చి, ఒక నిష్కామ కర్మని అర్ధాంతరంగా చెడగొట్టింది.

ఆ తర్వాత 2023లో మార్క్ వాల్టర్ అనే కోటీశ్వరుడు దిగాడు. పైన చెప్పిన అమెరికా లీగుని కొనేసి, అందులోని ఒప్పందాలన్నీ రద్దు చేసి, పీడబ్ల్యూహెచ్‌ఎల్ అనే కొత్త లీగు పెట్టాడు. రాబోయే సీజన్‌కి లక్షన్నర డాలర్లకి సంతకం చేసిన డారిల్ వాట్స్ అనే క్రీడాకారిణి ఒప్పందమూ అందులోనే కొట్టుకుపోయింది. వైరాగ్యం నేర్పే పద్ధతి ఇదే. మొదటి సీజన్లో జట్లకి పేర్లు కూడా పెట్టలేదు. నామరూపాల మీద మమకారం ఎందుకని కాబోలు. జట్లన్నిటికీ యజమాని ఒక్కరే. కాబట్టి బోస్టన్‌లో పొసగలేదని మాంట్రియల్ వెళ్లినా, ఇల్లు మారుతుందేగానీ అత్తగారు మారదు.

కొత్త లీగు మొదటి సీజన్లో కనీస జీతం 35 వేల డాలర్లు. జట్టు సగటు 55 వేలు. అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో బెంచీ మీద కూర్చునే కుర్రాడికి కూడా కనీసం 7 లక్షల 75 వేలు వచ్చేది. అయినా ఆ 35 వేలే ఎక్కువని నా అభిప్రాయం. అప్పటి ఆరు జట్లు, జట్టుకి 23 మంది, సగటు 55 వేల చొప్పున లెక్కేస్తే మొత్తం లీగు జీతాల బిల్లు దాదాపు 76 లక్షల డాలర్లు. అదే చలికాలంలో, అదే వాల్టర్ గారి బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్ షోహే ఒటాని అనే ఒక్క ఆటగాడితో పదేళ్లకి 70 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. అంటే ఏడాదికి 7 కోట్లు. ఒక మనిషి ఖరీదు తొమ్మిది లీగులు! అయితే ఒటాని త్యాగాన్ని తక్కువ చేయకూడదు. ఆడినన్నాళ్లూ ఏడాదికి 20 లక్షల డాలర్లతోనే సరిపెట్టుకుని మిగతాది తర్వాత తీసుకుంటానన్నాడు. అమ్మాయిలు అతన్ని చూసి నేర్చుకోవాలి. వాళ్లు కూడా తమ 70 కోట్లు తర్వాత తీసుకోవచ్చు.

ఇన్నేళ్లూ నాలాంటివాళ్ల చేతిలో ఒక బ్రహ్మాస్త్రం ఉండేది: "జనం చూడరు కదండీ." 2024 ఏప్రిల్ 20న మాంట్రియల్ బెల్ సెంటర్‌లో 21,105 మంది కూర్చుని దాన్ని కూడా విరిచేశారు. టికెట్ కొనుక్కుని మరీ! ఇంకో వాదన వెతుకుతున్నాం. దొరకగానే తెలియజేస్తాం.

ఈలోగా స్వచ్ఛమైన ఆట చూడాలంటే లద్దాఖ్ వెళ్లాలి. చలికాలంలో చెరువులు గడ్డకట్టిన కొద్ది వారాలే అక్కడి అమ్మాయిల్లో చాలామందికి ప్రాక్టీసు. లక్షల కాంట్రాక్టులు లేవు, కాబట్టి రద్దయ్యే భయమూ లేదు. 2016లో మొదటిసారి అంతర్జాతీయ టోర్నీ ఆడిన భారత జట్టు, 2025లో ఆసియా కప్ కాంస్యం పట్టుకొచ్చింది. ఇలాంటివారికి ఏమివ్వాలో మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. వేదిక, మెమెంటో, మూడు ఉపన్యాసాలు, ఒక శాలువా. మామూలుగా మే నెల ఎండలో సన్మానం చేసి శాలువా కప్పితే ఆ మనిషి పడే అవస్థ మనకి తెలుసు. లద్దాఖ్‌లో ఆ ఇబ్బంది లేదు, కప్పినన్ని కప్పించుకుంటారు.