ఫార్వర్డ్ బాణం గారికి బహిరంగ లేఖ

అయ్యా బాణం గారూ,

నమస్కారం. మా ఊరి వాట్సాప్ గ్రూపులో నాలుగు వందల మందికి పైనే ఉన్నాం. రచ్చబండ మీద కూర్చున్నవాళ్లూ ఉన్నారు, డాలస్‌లో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. మాట్లాడేది మాత్రం మీరొక్కరే.

తెల్లారకముందే దిగుతారు. పొగలు కక్కే కాఫీ కప్పు, పక్కన గులాబీ, ఏ మహానుభావుడూ ఎన్నడూ అనని సూక్తి, కింద ఆయన ఫొటో. టిఫిన్ల వేళకు ఉల్లిపాయ రసంతో షుగర్ మాయం. మధ్యాహ్నానికి మన జాతీయగీతమే ప్రపంచంలోకెల్లా గొప్పదని యునెస్కో ప్రకటిస్తుంది. పాపం, మేం అనలేదు మొర్రో అన్నా వినేదెవరు? ఇవన్నీ ఎవరు రాశారయ్యా అంటే కింద 'సేకరణ' అని ఉంటుంది. తెలుగులో ఇన్ని రచనలు చేసిన మహాకవి ఈ సేకరణ గారు తప్ప ఇంకొకరు లేరు.

రామబాణానికి తిరుగు లేదంటారు. మీకుంది. పొద్దున మా బావ వేసింది పెళ్లివారి గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు చుట్టబెట్టి సాయంత్రానికి బావ దగ్గరికే చేరుతుంది. కొత్తదనుకుని ఆయన మళ్లీ వేస్తాడు.

కంపెనీవాళ్లు మీకు కళ్లెం వెయ్యకపోలేదు. 2018లో మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే అన్నారు. 2020లో, కరోనా రోజుల్లో, బాగా తిరిగిన మెసేజ్ అయితే ఒకసారికి ఒక్క చాట్‌కే అన్నారు. మా మామయ్యకి అదొక లెక్కా? రిటైరైన మనిషి, ఒక్కొక్కరికే ఓపిగ్గా పంపుతాడు. బాగా తిరిగిన మెసేజ్ మీద కనబడే జంట బాణాల గుర్తు చూసి జనం జాగ్రత్తపడతారనుకున్నారు. మావాళ్లు 'రెండు బాణాలున్నాయంటే గట్టి వార్తేరా' అంటున్నారు.

వెనకటికి సంతోషిమాత పేరుతో కార్డులొచ్చేవి, ఇంకొందరికి రాయకపోతే అరిష్టమని. పనికిమాలినవే, కానీ చేత్తో రాయాల్సి వచ్చేది. మీ పుణ్యమా అని ఆ శ్రమ కూడా తప్పింది.

మొన్న మా అడ్మిన్ 'ఊరి సంగతులు తలా నాలుగు ముక్కలు సొంతంగా రాయండి' అని బతిమాలాడు. దండాల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. ఒకాయన 'మాతృభాషలో రాస్తే కలిగే 10 లాభాలు' ఫార్వర్డ్ చేశాడు. నిజంగా రాసింది లైన్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒక్కడే. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత స్తంభాలు నిలబెట్టడానికి నాగాయలంక వైపు వెళ్తే, తుమ్మచెట్టు చిటారుకొమ్మన చీర వేలాడుతోందట. ఎవరో ఆరేశారనుకున్నాడట. నీళ్లు అంతెత్తు వచ్చాయని పక్కవాడు చెప్పాక పలుగు కింద పడేసి కూర్చుండిపోయాడట. సగం ఒత్తులు ఎగిరిపోయాయి, ఫుల్‌స్టాప్ అన్నది లేదు. అయినా ఆ నాలుగు వరుసలు గూగుల్‌లో ఎంత వెతికినా దొరకవు.

నిమిషం తిరక్కుండా దాని నెత్తిన మీరొచ్చి పడ్డారు: 'పరగడుపున గోరువెచ్చని నీళ్లు తాగితే...'

ఆయన ఇంకేమైనా రాస్తాడేమోనని చూశాం. మర్నాడు ఆయన కూడా గులాబీ పెట్టాడు.

కాబట్టి తమరికి నా విన్నపం. మీకూ వయసు మీద పడుతోంది, వారానికో రోజు సెలవు పెట్టండి. ఉలవచారు ఎంతసేపు కాగాలో మా పిన్ని రాస్తుంది. చెరువుగట్టు పంచాయితీలో ఎవరు ఎవర్ని కొట్టారో మా బావ రాస్తాడు, కొట్టించుకున్నవాళ్లు కాదని ఖండిస్తారు. ఎవరూ ఏమీ రాయలేదనుకోండి, ఆ రోజుకి గ్రూపు ఖాళీగానే ఉంటుంది. ఉండనివ్వండి.

ఇట్లు,
మ్యూట్‌లో ఉన్న ఒక సభ్యుడు