ఒకే ఫొటోలోని సౌలభ్యం

నిందితుణ్ణి గుర్తు పట్టమన్నప్పుడు సాక్షి ముందు ఆరేడు ఫొటోలు పరచాలని కొందరు ఛాందసులు వాదిస్తారు. అన్ని చూస్తే పాపం సాక్షి తికమక పడడా? ఒక్కటే పెట్టారనుకోండి, వేరే ఫొటో మీద వేలు పెట్టే ప్రమాదమే లేదు. పెళ్లిళ్ల పేరయ్యలకు ఈ కిటుకు ఏనాడో తెలుసు. కాకపోతే అక్కడ నచ్చలేదని చెప్పే వీలుంటుంది.

1970 మే 5, సాయంత్రం ఏడుముప్పావు. అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు. మఫ్తీలో ఉన్న పోలీసు అధికారి తలుపు తట్టాడు. అది అడుగో అడుగున్నరో తెరుచుకుంది. పది డాలర్ల నోట్లు రెండు లోపలికి వెళ్లాయి, హెరాయిన్ పొట్లాలు రెండు బయటికి వచ్చాయి. అంతా అయిదు నుంచి ఏడు నిమిషాల బేరం.

అమ్మినవాడు నల్లజాతివాడు, పొడగరి, బుగ్గ ఎముకలు ఎత్తుగా ఉన్నాయి, భారీ మనిషి అని ఆ అధికారి చెప్పాడు. విన్న సహోద్యోగికి ‘అయితే ఫలానావాడే’ అనిపించింది. ఆయన అమ్మినవాణ్ణి చూడనేలేదు, అది వేరే సంగతి. రికార్డుల్లోంచి ఒక ఫొటో తెప్పించి బల్ల మీద పెట్టి వెళ్లాడు. రెండు రోజులకు అధికారి చూసి ‘ఇతనే’ అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత కోర్టులోనూ అనుమానమే లేదన్నాడు. ఆ రోజు నడుం నొప్పితో ఇంట్లోనే ఉన్నానని ముద్దాయి బ్రాత్‌వైట్ మొత్తుకున్నాడు. ఆరు నుంచి తొమ్మిదేళ్ల శిక్ష పడింది.

అప్పీలు కోర్టు కాదన్నా, 1977లో ‘మాన్సన్ వర్సెస్ బ్రాత్‌వైట్’ తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో శిక్షనే నిలబెట్టింది. ఒకే ఫొటో చూపడం అనవసరమేనట, అయినా గుర్తింపు నమ్మదగినదేనట. నమ్మకాన్ని తూచడానికి అయిదు కొలబద్దలున్నాయి. సాక్షికి ఎంత నిశ్చయంగా ఉందన్నది వాటిలో ఒకటి. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి! ఫొటో చూశాక నిశ్చయం కుదిరింది, నిశ్చయం కుదిరింది కనుక ఫొటో చూపడంలో దోషం లేదు. జస్టిస్ మార్షల్‌కు మాత్రం ఈ అందం కనబడలేదు, సుదీర్ఘంగా విభేదించారు.

అదే హార్ట్‌ఫోర్డ్‌లో కొలువుదీరే కనెక్టికట్ సుప్రీంకోర్టు, ఈ కొలబద్దలు తమ రాష్ట్ర రాజ్యాంగానికి చాలవని 2018లో తేల్చింది. మనిషి జ్ఞాపకం గురించి శాస్త్రజ్ఞులు చెప్పింది విన్నారట. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ రాజ్యాంగం కింద మాత్రం పాత కొలతే. బల్ల మీద ఒక ఫొటో పెట్టి, కాసేపు అలా బయటికి వెళ్లి కాఫీ తాగి వస్తే చాలు.