గర్భిణుల మీద పరిశోధన ఎందుకండీ, మేమున్నాంగా!

ఈమధ్య కొందరు కొత్త పాట అందుకున్నారు. కడుపుతో ఉన్నవాళ్ల మీద, పురిటి బిడ్డల మీద ఇంకా పరిశోధనలు జరగాలట. ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో లెక్కలు కట్టి తేల్చాలట. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

తెలియని విషయం మీద కదా పరిశోధన చేసేది! గర్భం గురించి తెలియనిది ఎవరికి? లిఫ్టులో పక్కన నిలబడ్డ పెద్దమనిషి నాలుగో అంతస్తు వచ్చేలోగా ఎన్నో నెలో అడిగి, కవలలేమోనని అనుమానపడి, ఏ పక్కకు తిరిగి పడుకోవాలో చెప్పి మరీ దిగిపోతాడు. ఆయన చేసేది ఆడిటర్ ఉద్యోగం కావచ్చు. అయితేనేం? ఆయన గొంతులో ఉన్న ధీమా ఏ పరిశోధకుడి గొంతులోనైనా విన్నారా? వాళ్లెప్పుడూ "కావచ్చు", "బహుశా", "ఇంకా చూడాలి" అంటూ నసుగుతుంటారు.

కాన్పు తేదీ సంగతే తీసుకోండి. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు అని పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మన్ డాక్టర్ నేగెలే ప్రచారంలోకి తెచ్చాడు. స్కానింగులు వచ్చినా ఆ 280 మాత్రం కదల్లేదు. సరిగ్గా ఆ తేదీకి పుట్టేవాళ్లు నూటికి నలుగురో ఐదుగురో. ఇందులో లెక్క తప్పేముంది? క్రమశిక్షణ లేనిది పిల్లలకు.

ఇక పసిబిడ్డను ఎలా పడుకోబెట్టాలి? బోర్లా. గత శతాబ్దం రెండో సగంలో ఎన్నో దేశాల్లో నిపుణులు చెప్పిన మాట ఇది. వెల్లకిలా ఉన్న బిడ్డ పాలు కక్కితే గొంతుకు అడ్డుపడుతుంది కదా! వినగానే తల దానంతట అదే ఊగుతుంది. అంత చక్కటి తర్కానికి ఋజువు అడగడం మర్యాదేనా? పడుకోబెట్టేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న బిడ్డలు తెల్లారేసరికి ఊయలలోనే ప్రాణం పోయి కనబడుతుంటే, అది విధి అనుకున్నాం. 1970 నాటికే అచ్చయి ఉన్న అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూసి ఉంటే బోర్లా పడకతోనే ప్రమాదమని తెలిసిపోయేదని 2005లో లండన్ పరిశోధకులు తేల్చారు. ఒకచోట పెట్టి చూసే తీరిక ఎవరికి ఉంది చెప్పండి? చివరికి 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టారు. ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ ఆలస్యమే లేకపోతే ఒక్క బ్రిటన్‌లోనే పదివేల మందికి పైగా బిడ్డలు బతికి ఉండేవారని ఆ లండన్ వాళ్ల అంచనా. ఉండొచ్చు. కానీ మా తర్కం మాత్రం ఎంత బాగుండేదో!

తొందరపాటు మాకు గిట్టదు. దీనికి న్యూజిలాండ్ కథ ఒక్కటి చాలు. ఆక్లాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే డాక్టరు, కాన్పు ఎలా మొదలవుతుందో తెలుసుకుందామని గొర్రెల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. స్టెరాయిడ్ ఇచ్చాక నెలలు నిండకుండా పుట్టిన ఒక గొర్రెపిల్ల, లెక్క ప్రకారం చనిపోయి ఉండాల్సింది, ఇంకా ఊపిరి తీస్తూ కనబడింది. ఊపిరితిత్తులు గాలి పట్టేంత ముదిరాయన్నమాట. చూసీ చూడనట్టు పోతే ఏ గొడవా ఉండేది కాదు. ఆయన పోలేదు. పిల్లల డాక్టరు రాస్ హౌవీతో కలిసి, నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉన్న 282 మంది తల్లుల మీద ట్రయల్ చేసి 1972లో ఫలితాలు అచ్చువేశాడు. ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వని తల్లుల బిడ్డల్లో పుట్టిన తొలి రోజుల్లోనే పోయినవాళ్లు 15 శాతం, ఇచ్చినవాళ్లలో 3.2 శాతం.

మరొకరైతే మర్నాటి నుంచే వాడేవారు. మనం అలా కాదు, నిదానస్తులం. మరికొందరు ట్రయల్స్ చేశారు, అవీ అటే మొగ్గాయి. అయినా ఆలోచించాం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణుల్ని కూర్చోబెట్టి "ఇవ్వండయ్యా" అని గట్టిగా చెప్పింది 1994లో. ఇరవై రెండేళ్లు. 1972లో నెలలు నిండకుండా పుట్టి బతికిన బిడ్డ 1994 నాటికి డాక్టరు కోర్సు ముగించే వయసు కొచ్చి ఉంటుంది.

ఈలోగా కొంతమంది పని లేనివాళ్లు ఆ ట్రయల్స్ ఫలితాలను ఒక బొమ్మగా గీశారు. నిలువుగా ఒక గీత, దాన్ని దాటుతూనో దాటకుండానో ఒకదాని కింద ఒకటి చిన్నచిన్న అడ్డగీతలు. ఒక్కో అడ్డగీత ఒక్కో ట్రయల్. చాలా గీతలు నిలువు గీతను తాకుతున్నాయి కాబట్టి విడివిడిగా చూస్తే ఏమీ తేలనట్టే కనబడుతుంది. అన్నీ కలిపితే వచ్చే చిన్న డైమండ్ మాత్రం కింద, నిలువు గీతకు ఎడమ పక్కన, అంటే ఇంజెక్షన్ మేలు చేసిందనే వైపు, స్పష్టంగా విడిగా నిలబడి ఉంటుంది. ట్రయల్స్ ఫలితాలన్నీ ఒకచోట పెట్టి చూడటమే పనిగా 1993లో మొదలైన కాక్రేన్ సంస్థ ఈ బొమ్మనే తన లోగోలో పెట్టుకుంది. మా పరువు తీయడానికి కాకపోతే మరెందుకు?

ఆ సంస్థకు ఎవరి పేరు పెట్టారో ఆ బ్రిటిష్ డాక్టరు ఆర్చీ కాక్రేన్ మాత్రం తక్కువ తిన్నాడా? ట్రయల్స్ చేసి చికిత్సలు నిర్ణయించడంలో అందరికంటే వెనకబడింది కాన్పుల విభాగమే అంటూ 1979లో దానికి ఆఖరి స్థానపు బహుమతి, కొయ్య గరిటె, ప్రకటించాడు. ఎంత అన్యాయం! కాన్పుల డాక్టర్లు ట్రయల్స్ చేయలేదని ఎవరన్నారు? చేశారు. ఫలితాలను ఖాతరు చేయలేదు, అంతే. గర్భం నిలబడుతుందని డీఈఎస్ అనే హార్మోన్ మాత్ర ఇచ్చేవారు. దానితో ఆ ప్రయోజనమేమీ లేదని 1953లోనే షికాగోలో 1600 మందికి పైగా తల్లుల మీద తేలింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కాబట్టి మాత్ర కొనసాగింది. 1971లో, ఆ మాత్ర మింగిన తల్లులకు పుట్టిన ఆడపిల్లల్లో అరుదైన క్యాన్సర్ బయటపడ్డాక గానీ నాలుగో కాలు కనబడలేదు.

కాన్పు చేసే ముందు చేతులు కడుక్కోమన్నందుకు వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరును ఏం చేశారో చెప్పమంటారు కొందరు. చెప్పను. మా వాళ్లు నొచ్చుకుంటారు.

థాలిడోమైడ్ విషయం మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే అక్కడ మనం అసలైన గుణపాఠం నేర్చుకున్నాం. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన మందు. వేవిళ్లకూ వాడారు. గర్భంలో బిడ్డకు ఏమవుతుందో సరిగ్గా పరీక్షించకుండానే వాడారు. 1961 చివర్లో వెనక్కి తీసుకునేసరికి ఎన్నో దేశాల్లో పదివేల మందికి పైగా బిడ్డలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టారు. పరీక్షించకపోవడం వల్ల జరిగిన ఘోరం కదా, ఇకమీదట జాగ్రత్తగా పరీక్షిద్దాం అని ఏ అమాయకుడైనా అనుకుంటాడు. మనం ఇంకాస్త లోతుగా ఆలోచించి, పరీక్షలకు గర్భిణులను రానివ్వడమే మానేశాం. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అయితే గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలనే కొత్త మందుల తొలి దశ ట్రయల్స్ నుంచి పక్కన పెట్టమంది. 1993 దాకా అదే మాట. 2020లో కోవిడ్ టీకాల పెద్ద ట్రయల్స్ మొదలైనప్పుడూ గర్భిణులు గేటు బయటే. వాళ్లకు కోవిడ్ వస్తే ముప్పు ఎక్కువని తర్వాత తేలిందనుకోండి, అది వేరే విషయం.

పసిపిల్లల నొప్పి గురించి రెండు ముక్కలు. 1980ల దాకా పురిటి బిడ్డలకు ఆపరేషన్లు నామమాత్రపు మత్తుతో కానిచ్చేసేవారు, కదలకుండా మందిచ్చి. వాళ్లకు నొప్పి తెలియదు, ఏడుపు ఉత్త రిఫ్లెక్స్ అన్నారు. 1987లో ఆనంద్ అనే డాక్టరు తన సహచరులతో కలిసి, సరైన మత్తు ఇచ్చిన బిడ్డలే ఆపరేషన్ తర్వాత బాగా కోలుకున్నారని చూపించాడు. అప్పటిదాకా ఒక్క బిడ్డ కూడా ఫిర్యాదు చేయలేదని సవినయంగా మనవి.

ఇంకా బాధాకరమైన విషయం, ఈ పరిశోధకులు కనిపెట్టేవి చూస్తే కనీసం గౌరవంగా కూడా ఉండవు. బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక 1978లో ఎడ్గార్ రే అనే డాక్టరు తక్కువ బరువు బిడ్డల్ని తల్లి ఛాతీకి చర్మం చర్మం తగిలేలా కట్టేయమన్నాడు. 2021లో ఐదు దేశాల ట్రయల్‌లో, పుట్టిన వెంటనే అలా చేస్తే మరణాలు 25 శాతం తగ్గాయని తేలింది. తల్లి ఛాతీకి ప్లగ్గు లేదు, అలారం లేదు, వారంటీ కార్డు లేదు. దాన్ని పరికరమని ఎలా ఒప్పుకుంటాం?

కాన్పు తర్వాత రక్తం ఎంత పోయిందో మేం కంటితోనే చెప్పేస్తాం. "ఏముంది, మామూలే." ఇప్పుడు దానికీ ఎసరు. తల్లి కింద ఒక ప్లాస్టిక్ షీటు పరుస్తారు. దాని చివర సంచీ, సంచీ మీద గీతలు. రక్తం 500 మిల్లీలీటర్ల గీత చేరితే, ఒక్కో చికిత్సా పనిచేస్తుందా అని చూస్తూ కూర్చోకుండా అన్నీ ఒకేసారి మొదలుపెట్టాలి. నాలుగు ఆఫ్రికా దేశాల్లో 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షల మందికి పైగా తల్లుల మీద చేసిన ఈ ట్రయల్ ఫలితం 2023లో వచ్చింది. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సిరావడం, మరణం, అన్నీ కలిపి 60 శాతం తగ్గాయట. నాలుగు గీతలున్న సంచీ ముందు మా కంటిచూపు ఓడిపోయింది.

అందుకే అంటాను, ఏ గొడవా లేని పాత పద్ధతే మేలు. రాత్రి రెండు గంటలు. ఆరో నెల గర్భిణికి తలనొప్పి. మాత్రల డబ్బాలోంచి పల్చటి కాగితం తీసి, మడతలు విప్పి, ఫోన్ లైటులో చీమల బారులాంటి అక్షరాలు చదువుతుంది. "గర్భిణుల విషయంలో తగినంత సమాచారం లేదు. డాక్టరును సంప్రదించండి." పొద్దున డాక్టరును సంప్రదిస్తే ఆయన తన పుస్తకం తీస్తాడు. అందులోనూ ఇదే ఉంటుంది, కాకపోతే ఇంగ్లీషులో. లాభం నష్టాన్ని మించితే వాడండి అని. తక్కెడ ఆయన చేతిలో పెట్టారు గానీ, తూచడానికి అందులో ఏమీ వేయలేదు.

అప్పుడు ఫోన్ వచ్చేది నాకే. "పిన్నిగారూ, ఈ మాత్ర వేసుకోవచ్చంటారా?" నోటికి ఏదొస్తే అది చెబుతాను. ఒకరికి "ఏం కాదమ్మా, వేసుకో" అంటాను, ఇంకొకరికి "పొరపాటున కూడా ముట్టుకోకు" అంటాను. లెక్కేస్తే సగం మంది వేసుకుని ఉంటారు, సగం మంది ఓర్చుకుని ఉంటారు. పరిశోధకులు కూడా చేసేది ఇదేనట కదా, సగం మందికి ఇవ్వడం, సగం మందికి ఇవ్వకపోవడం. వాళ్లు ఆ తర్వాత ఏమైందో రాసుకుంటారు. అంత చాదస్తం నాకు లేదు.

ఉంటాను, మళ్లీ ఫోన్ మోగుతోంది. ఈసారి మూడో నెలట.