చావి లేని గడియారం

(హనుమకొండలో ఒక పాత ఇల్లు. భార్య కరీంనగర్‌లోని చెల్లెలి ఇంట్లో పది రోజులుండి ఇప్పుడే వచ్చింది, చేతిసంచి ఇంకా దించలేదు. గోడ గడియారం నాలుగుంబావు దగ్గర నిలిచిపోయి ఉంది.)

భర్త: మా నాయన పెళ్లినాటి గడియారం, నా ఎరుకలో ఒక్కనాడూ ఆగనిది, నువ్వు వెళ్లిన తొమ్మిదో రోజుకే ఆగిపోయింది.

భార్య: ఎందుకు ఆగిందో మీకు నిజంగా తెలియదా?

(ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషికి ప్రశ్న పూర్తికాకముందే జవాబు నోటికి వస్తుంది.)

భర్త: తెలియకేం? తనంతట తానే నడిచే గడియారాలు లోకంలో ఉన్నాయి. స్విట్జర్లాండ్ ఇంజనీరు జాన్ లియోన్ రూటర్ 1928లో రూపొందించిన ఆట్మాస్ గడియారానికి చావీ అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు.

భార్య: గాలి తిని బతుకుతుందా?

భర్త: దాదాపు అంతే. మూసిన డబ్బాలోని ఇథైల్ క్లోరైడ్ వాయువు వేడికి వ్యాకోచించి, చలికి సంకోచిస్తుంటే, హార్మోనియం తిత్తిలా ఆ డబ్బా సాగుతూ ముడుచుకుంటూ లోపలి స్ప్రింగును చుడుతుంది. ఒక్క డిగ్రీ తేడా వస్తే రెండు రోజులు నడుస్తుంది.

భార్య: అంత కొంచెం తిండితో లోలకం ఎలా ఊగుతుంది?

భర్త: ఊగదు, తిరుగుతుంది. సన్నని తీగకు వేలాడే చక్రం అటు తిరిగి ఇటు రావడానికి పూర్తిగా ఒక నిమిషం తీసుకుంటుంది. నిదానంగా కదిలేదానికి తిండి తక్కువే చాలు.

భార్య: నిదానంగా కదిలేవారు ఈ ఇంట్లోనూ ఒకరున్నారు, తిండి మాత్రం తగ్గడం నేను చూడలేదు.

భర్త: విషయం మీద ఉండు! న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో ఆర్థర్ బెవర్లీ 1864లో తయారుచేసిన గడియారానికి ఇంతవరకు ఎవరూ చావి ఇవ్వలేదు. పెట్టెలో మూసిన గాలి రోజులో ఆరు డిగ్రీలు మారితే, ఒక పౌండు బరువు ఒక అంగుళం పైకి లేస్తుంది, అది దిగుతూ గడియారాన్ని నడుపుతుంది.

భార్య: ఆరు డిగ్రీలు మారని నాడు?

భర్త: (గొంతు తగ్గించి) ఆగిన సందర్భాలున్నాయి.

భార్య: అంటే తనంతట తాను నడిచేది ఏదీ లేదు, అక్కడ ఎండా చలీ చుడుతున్నాయి. ఇక్కడ ప్రతి ఆదివారం మీరు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నప్పుడు, నేను స్టూలెక్కి పద్నాలుగు చుట్లు తిప్పుతున్నాను.

భర్త: ఇన్నేళ్లుగానా? మరి ఒక్కసారైనా చెప్పలేదేం?

భార్య: ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఇది మా నాయన చేతి మహిమ అని మీరు చెబుతుంటే, అడ్డుపడటం మర్యాద కాదనిపించింది.

(కొంతసేపు ఇంట్లో చప్పుడు లేదు. గడియారం కూడా సాయం చేయలేదు.)

భర్త: చావి ఎక్కడుంటుంది?

భార్య: పోపుల డబ్బాలో, మెంతుల గిన్నె కింద.

(భర్త హుందాగా వంటింట్లోకి వెళ్లాడు. నాలుగు డబ్బాల మూతలు తీసి పెట్టిన చప్పుడు వినిపించింది.)

భర్త: (లోపలి నుంచి) పోపుల డబ్బా ఎక్కడుంటుంది?