టెస్టు కంటే ముందు హెడర్ల గోస

లినక్స్ కెర్నెల్ సెల్ఫ్‌టెస్టులు (కెర్నెల్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రాములు) బిల్డ్ చేద్దామంటే అసలు టెస్టు దాకా పోనిస్తే కదా! ఉదాహరణకు ఎంసీల్ (mseal) అనే సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రాము కెర్నెల్‌ను పని అడిగే దారి, 2024లో, 6.10 కెర్నెల్‌లో వచ్చింది. ఉబుంటు 22.04లోని హెడర్లేమో (ఏ కాల్‌కు ఏ నంబరో కంపైలర్‌కు చెప్పే ఫైళ్లు) 5.15 కెర్నెల్ నాటివి. కొత్త సోర్సు పక్కనే పెట్టుకొని, కంపైలర్ ఆ పాతవాటినే చూసి ‘అన్‌డిక్లేర్డ్’ అని మొత్తుకుంటది. కొత్త హెడర్లు తయారవ్వాలంటే ముందు ‘మేక్ హెడర్స్’ కమాండ్ కొట్టాలి, సరే. కొట్టినా కొన్ని మేక్‌ఫైళ్లు (బిల్డ్ ఎలా చేయాలో రాసిన ఫైళ్లు) సోర్సులో తయారైన ఆ కొత్త హెడర్ల వైపు చూడనే చూడవు! ఎవరో విసిగిపోయి సిస్టమ్ కాల్ నంబర్‌ను టెస్టు ఫైల్‌లోనే రాసిపెడతారు, ఇంకొకరు వచ్చి దాన్ని తీసేస్తారు. అది దాటితే లిబ్‌క్యాప్ అనే లైబ్రరీ లేదంటది. హన్మకొండ హాస్టల్ గదుల్లో కెర్నెల్‌కు మొదటి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపాలని ఆశగా కూర్చున్న పిల్లలు ఇక్కడే ఆగిపోతుంటే కడుపు తరుక్కుపోతోంది. ఆ మేక్‌ఫైళ్లను ఒక్కసారి సరిచేయండి సారూ!